బయటి లైబ్రరీలున్న జావా ప్రోగ్రామును కమాండ్ లైన్ నుంచి నడపడం: ఏ పద్ధతి ఎక్కడ పనికొస్తుంది

గాజువాక ఆటోనగర్‌లోని ఒక లారీ బుకింగ్ ఆఫీసు కోసం కొన్నేళ్ల క్రితం ఒక చిన్న జావా ప్రోగ్రాము రాశాను. గుమస్తా రోజూ నింపే ఎక్సెల్ షీటును చదివి, ఏ పార్టీ నుంచి ఎంత కిరాయి రావలసి ఉందో మైఎస్‌క్యూఎల్ డేటాబేసులో వేయడం దాని పని. ఇంట్లో ఎడిటర్‌లో ఆకుపచ్చ బాణం నొక్కగానే చక్కగా నడిచిన ఆ ప్రోగ్రాము, ఆఫీసు కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ నుంచి నడపగానే “నోక్లాస్‌డెఫ్‌ఫౌండ్‌ఎర్రర్” (కావలసిన క్లాసు దొరకలేదు) అని చెప్పి ఆగిపోయింది. ప్రోగ్రాములో తప్పేమీ లేదు. ఎక్సెల్ చదవడానికి వాడిన అపాచీ పీఓఐ లైబ్రరీ జార్ ఫైళ్లు (జావా క్లాసులను కట్టగట్టి ఉంచిన ఫైళ్లు) ఎక్కడున్నాయో అన్నాళ్లూ నా తరఫున ఎడిటరే జావాకు చెబుతూ వచ్చింది. ఎడిటర్ లేని చోట ఆ సంగతి చెప్పేవారు లేకపోయారు.

బయటి లైబ్రరీల మీద ఆధారపడిన ప్రోగ్రామును కమాండ్ లైన్ నుంచి నడపడానికి అరడజను దారులున్నాయి. వాటిలో ఏది మేలు అని అడిగే ముందు, ఆ ప్రోగ్రామును ఎవరు నడుపుతారు, ఏ కంప్యూటర్‌లో, ఏ ఫోల్డర్‌లో ఉండి నడుపుతారు, అక్కడ ఇంటర్నెట్ ఉంటుందా ఉండదా అన్నవి తేల్చుకోవాలి. ఆ జవాబులను బట్టే పద్ధతిని ఎంచుకోవాలని, కొత్తగా వచ్చిన సాధనం ఏదో చూసి కాదని నా గట్టి నమ్మకం. కింద ఆదేశాలను పలికినట్టుగా తెలుగు లిపిలోనే రాస్తున్నాను. టెర్మినల్‌లో మాత్రం వాటిని ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి.

ముందుగా క్లాస్‌పాత్ అంటే ఏమిటో రెండు మాటలు. జావాతో పాటే వచ్చే క్లాసులను జావా తనంతట తానే వెతుక్కుంటుంది. మిగిలిన ప్రతి క్లాసు కోసమూ మనం ఇచ్చిన ఫోల్డర్ల, జార్ ఫైళ్ల వరుసను మొదటి నుంచి చూసుకుంటూ వెళ్లి, ఆ పేరు మొదట ఎక్కడ కనబడితే అక్కడి దానినే తీసుకుంటుంది. ఆ వరుసే క్లాస్‌పాత్. కంపైల్ చేసేటప్పుడు కంపైలరైన జావాసీకి ఒకసారి, నడిపేటప్పుడు జావాకు మరోసారి దానిని విడివిడిగా చెప్పాలి. ఒకచోట చెప్పినది రెండోచోటికి దానంతట అది రాదు. పైగా రెండు చోట్లా కావలసినవి ఒకటే కాకపోవచ్చు. మైఎస్‌క్యూఎల్ డ్రైవర్ జార్ లేకపోయినా ప్రోగ్రాము శుభ్రంగా కంపైల్ అవుతుంది, ఎందుకంటే మన కోడ్ పిలిచేది డేటాబేసుతో మాట్లాడటానికి జావాలోనే ఉన్న జేడీబీసీ ఇంటర్‌ఫేసులను; నడిపినప్పుడు మాత్రం “నో సూటబుల్ డ్రైవర్ ఫౌండ్” అన్న మాట ఎదురవుతుంది. కంపైల్ అయింది కాబట్టి జార్లన్నీ ఉన్నట్టే అని అనుకోవడం కొత్తవారు చేసే పొరపాట్లలో మొదటిది.

చేతితో క్లాస్‌పాత్ ఇవ్వడం

అన్నిటికంటే సూటి పద్ధతి -సీపీ ఐచ్ఛికం. జార్లన్నీ “లిబ్” అనే ఫోల్డర్‌లో ఉండి, మన క్లాస్ ఫైళ్లు ప్రస్తుత ఫోల్డర్‌లో ఉంటే లినక్స్‌లోనూ మ్యాక్‌లోనూ ఆదేశం ఇలా ఉంటుంది:

జావా -సీపీ "లిబ్/*:." మెయిన్

విండోస్‌లో కోలన్‌కు బదులు సెమీకోలన్ పెట్టాలి. విండోస్ కోసం రాసిన నోట్సులోని సెమీకోలన్‌ను ఉబుంటులో, అదీ కొటేషన్ గుర్తులు లేకుండా యథాతథంగా కొడితే, సెమీకోలన్ దగ్గరే ఒక ఆదేశం ముగిసిందని, టెర్మినల్‌లో మన ఆదేశాలు చదివే షెల్ అనుకుంటుంది. ఆ తర్వాత వచ్చే ఎర్రర్‌కూ జావాకూ ఏ సంబంధమూ ఉండదు కాబట్టి, దానిని చూసి కారణం కనిపెట్టడం చాలా కష్టం. చివరనున్న చుక్క ప్రస్తుత ఫోల్డర్‌కు గుర్తు. ఏ క్లాస్‌పాతూ ఇవ్వనప్పుడు జావా ప్రస్తుత ఫోల్డర్‌ను తానే చూస్తుంది గానీ, మనం -సీపీ ఇచ్చిన మరుక్షణం ఆ అలవాటు పోతుంది. లైబ్రరీలు చేర్చగానే సొంత మెయిన్ క్లాసే దొరకలేదని జావా అనడానికి ఎక్కువసార్లు కారణం ఆ చుక్క మరచిపోవడమే.

నక్షత్రం గుర్తు దగ్గర కాస్త ఆగాలి. జావా 6 నుంచి వచ్చిన ఈ సౌకర్యం “ఈ ఫోల్డర్‌లోని జార్లన్నీ” అని మాత్రమే చెబుతుంది. లోపలి ఫోల్డర్లలోకి అది దిగదు, విడిగా ఉన్న క్లాస్ ఫైళ్లను చూడదు, జార్లు ఏ వరుసలో వస్తాయన్న హామీ కూడా ఇవ్వదు. “లిబ్/*.జార్” అని రాస్తే జావాకు అర్థం కాదు, నక్షత్రం ఒక్కటే ఉండాలి. అంతకంటే ముఖ్యం, దాని చుట్టూ కొటేషన్ గుర్తులు తప్పనిసరి. అవి లేకుండా “జావాసీ -సీపీ లిబ్/* మెయిన్.జావా” అని కొడితే, నక్షత్రాన్ని జావాసీ చూడకముందే షెల్ విప్పి, ఫోల్డర్‌లోని ఫైళ్ల పేర్లను ఖాళీలతో వరుసగా పేర్చి అందిస్తుంది. ఫోల్డర్‌లో ఒకే జార్ ఉన్నన్నాళ్లూ ఇది పని చేస్తూనే ఉంటుంది. రెండో జార్ చేర్చిన రోజున మాత్రం మొదటి జార్ క్లాస్‌పాత్‌గానూ, రెండోది కంపైల్ చేయవలసిన ఫైలుగానూ మారి ఆదేశం విరిగిపోతుంది. జావా ఆదేశంలోనైతే ఆ రెండో జార్ పేరే మెయిన్ క్లాసు పేరైపోయి, ఫలానా జార్ అనే మెయిన్ క్లాసు కనబడలేదన్న విచిత్రమైన ఎర్రర్ వస్తుంది. అలాంటి ఎర్రర్‌లో ఒక జార్ ఫైలు పేరు కనబడితే వెంటనే కొటేషన్ గుర్తుల వంక చూడండి.

ఈ పద్ధతికి దగ్గరి బంధువు క్లాస్‌పాత్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్. ద్వారకానగర్ కోచింగ్ సెంటర్లలో చదివిన కుర్రవాళ్లు కొందరు కంప్యూటర్ సెట్టింగుల్లో దీనిని ఒకసారి పెట్టేసి మరచిపోవడం నేను చాలాసార్లు చూశాను. దీనిని వాడవద్దనే చెబుతాను. అది ఆ కంప్యూటర్‌లోని ప్రతి జావా ప్రోగ్రాముకూ అంటుకుంటుంది. ఒక ప్రాజెక్టు కోసం పెట్టిన పాత జార్ మరో ప్రాజెక్టులోకి చెప్పకుండా చొరబడుతుంది. -సీపీ ఇచ్చిన చోట మాత్రం అది పూర్తిగా పక్కకు తప్పుకుంటుంది కాబట్టి, ఒకే కంప్యూటర్‌లో ఒక ప్రోగ్రాము ఒక లెక్కన, ఇంకొకటి ఇంకో లెక్కన నడుస్తాయి. జార్‌ను జావా సొంత “లిబ్/ఎక్స్‌ట్” ఫోల్డర్‌లో పడేయమనే పాత సలహా ఇప్పటికీ అక్కడక్కడ వినబడుతుంది. 2017లో వచ్చిన జావా 9తోనే ఆ ఏర్పాటును తీసివేశారు. ఆ ఫోల్డర్ ఉంటే జావా మొదలవడానికే నిరాకరిస్తుంది.

చేతి పద్ధతికి ఉన్న అసలు కష్టం ఆదేశం రాయడంలో లేదు, జార్లను పోగుచేయడంలో ఉంది. పీఓఐతో ఎక్సెల్ ఫైలు చదవాలంటే ఒక జార్ చాలదు: ఎక్స్‌ఎంఎల్‌బీన్స్, కామన్స్ కంప్రెస్, కామన్స్ కలెక్షన్స్, కామన్స్ ఐఓ, లాగ్‌ఫోర్‌జే ఏపీఐ ఇలా డజను దాకా వెంటపడి వస్తాయి, వాటిలో ప్రతిదానికీ సరైన వెర్షనే ఉండాలి. వాటిని ఒక్కొక్కటిగా డౌన్‌లోడ్ చేసుకుంటూ, ఎర్రర్ వచ్చినప్పుడల్లా ఇంకొక జార్ వెతుక్కుంటూ కూర్చోవడం ఒక సాయంత్రాన్ని తినేస్తుంది. జాక్సన్ వంటి లైబ్రరీకైతే మూడు జార్లతో సరిపోతుంది. అలాంటి చోట చేతితో చేసుకోవడం హాయి.

అందుకే పోగుచేసే పని, జార్లను దింపి ప్రాజెక్టును కట్టిపెట్టే సాధనమైన మేవెన్‌కు అప్పగించి, నడిపే పని మాత్రం జావా చేతిలోనే ఉంచుకోవడం నాకు నచ్చిన మధ్యేమార్గం. మేవెన్ సెట్టింగులుండే పోమ్ ఫైలులో పీఓఐ పేరు, వెర్షన్ రాసి “ఎమ్‌వీఎన్ డిపెండెన్సీ:కాపీ-డిపెండెన్సీస్” అని ఒక్కసారి నడిపితే, వెంట రావలసిన జార్లన్నీ సరైన వెర్షన్లతో “టార్గెట్” లోపలి “డిపెండెన్సీ” ఫోల్డర్‌లో చేరతాయి. పరీక్షలకు మాత్రమే కావలసిన జేయూనిట్ వంటివి కలవకుండా ఉండేందుకు “ఇన్‌క్లూడ్‌స్కోప్” విలువను రన్‌టైమ్‌గా ఇవ్వాలి. ఇక ఆ ఫోల్డర్ పేరు “లిబ్” అని మార్చి, మన క్లాస్ ఫైళ్లతో పాటు ఎక్కడికి తీసుకుపోయినా పై ఆదేశంతోనే ప్రోగ్రాము నడుస్తుంది. అక్కడ మేవెన్ ఉండనవసరం లేదు.

మేనిఫెస్టు ఉన్న జార్

నడిపేది మనం కాక ఇంకొకరైనప్పుడు, అంత పొడవు ఆదేశం వారి చేత కొట్టించడం మర్యాద కాదు. మన ప్రోగ్రామును ఒక జార్‌గా కట్టి, దాని మేనిఫెస్టులో (జార్ లోపల దాని వివరాలుండే చిన్న ఫైలు) “మెయిన్-క్లాస్” కింద మొదలయ్యే క్లాసు పేరునూ, “క్లాస్-పాత్” కింద కావలసిన జార్ల పేర్లనూ రాస్తే, వారు “జావా -జార్ బకాయి.జార్” అంటే చాలు. ఇక్కడ రెండు సంగతులు గుర్తుండాలి. -జార్ ఇచ్చినప్పుడు -సీపీని గానీ, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను గానీ జావా అసలు పట్టించుకోదు, పట్టించుకోలేదని చెప్పదు కూడా. మేనిఫెస్టులో నక్షత్రం గుర్తూ పనిచేయదు. ప్రతి జార్ పేరూ ఖాళీలతో విడదీసి రాయాలి. ఒక వరుసకు 72 బైట్లకు మించకూడదన్న నియమం కూడా ఉంది కాబట్టి ఆ ఫైలును చేతితో రాయడం కంటే, మేవెన్ జార్ ప్లగిన్‌లో “యాడ్‌క్లాస్‌పాత్”, “క్లాస్‌పాత్‌ప్రిఫిక్స్” అనే రెండు సెట్టింగులు పెట్టి దాని చేతే రాయించడం సుఖం.

ఈ పద్ధతి విలువ నాకు ఒక దెబ్బతో తెలిసింది. ఫిషింగ్ హార్బర్ దగ్గర చేపల ఎగుమతి చేసే ఒక చోట, రోజూ రాత్రి తూకాల నివేదిక తయారుచేసే ప్రోగ్రామును లినక్స్ క్రాన్‌లో (చెప్పిన వేళకు ఆదేశాలు నడిపే ఏర్పాటు) పెట్టాను. ఆదేశంలో -సీపీ "లిబ్/*:." అనే రాశాను. చేత్తో నడిపితే ప్రతిసారీ నడిచేది, రాత్రి మాత్రం నివేదిక వచ్చేది కాదు. తర్వాత తేలినదేమిటంటే, -సీపీలోని దారులను ఆదేశం ఇచ్చే వేళ మనం ఉన్న ఫోల్డర్ నుంచి లెక్కిస్తారు. క్రాన్ మాత్రం యూజర్ హోమ్ ఫోల్డర్ నుంచి నడుపుతుంది. అక్కడ “లిబ్” లేదు. మేనిఫెస్టులోని దారులను అలా కాక, ఆ జార్ ఫైలు ఎక్కడుందో అక్కడి నుంచి లెక్కిస్తారు. “జావా -జార్” తర్వాత మన జార్‌కు పూర్తి దారి ఇస్తే, ఎక్కడి నుంచి పిలిచినా పక్కనున్న “లిబ్” ఫోల్డర్ దానికి దొరుకుతుంది. మూడు రోజుల నివేదికలు పోయిన తర్వాత నేర్చుకున్న పాఠం కాబట్టి, క్రాన్‌లోనూ విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లోనూ పెట్టే వాటికి ఈ పద్ధతినే సూచిస్తాను.

మేవెన్ లాంటిదే అయిన గ్రేడిల్ వాడేవారికి ఇదే సౌకర్యం ఇంకో రూపంలో దొరుకుతుంది. అప్లికేషన్ ప్లగిన్ చేర్చి “ఇన్‌స్టాల్‌డిస్ట్” అనే పనిని నడిపితే, జార్లన్నీ ఉన్న “లిబ్” ఫోల్డరూ, లినక్స్‌కూ విండోస్‌కూ చెరొక స్క్రిప్టు ఉన్న “బిన్” ఫోల్డరూ తయారవుతాయి. ఆ స్క్రిప్టు తానున్న చోటును తానే కనిపెట్టి క్లాస్‌పాత్ కడుతుంది. మెమరీ పరిమితి వంటి ఐచ్ఛికాలు ప్రతిసారీ ఇవ్వవలసిన సర్వర్ ప్రోగ్రాములకు ఇది మేనిఫెస్టు కంటే అనువైనది.

ఫ్యాట్ జార్

లైబ్రరీలన్నిటినీ విప్పి, మన క్లాసులతో కలిపి ఒకే జార్‌గా మళ్లీ కట్టడం ఫ్యాట్ జార్ పద్ధతి. మేవెన్‌లో షేడ్ ప్లగిన్, గ్రేడిల్‌లో షాడో ప్లగిన్ ఈ పని చేస్తాయి. పెన్‌డ్రైవ్‌లో ఒకే ఫైలు వేసుకుని మధురవాడ నుంచి గాజువాక దాకా పోయి, అక్కడి కంప్యూటర్‌లో దింపి నడపగలగడం నిజంగా గొప్ప సౌకర్యమే. “లిబ్ ఫోల్డర్ కాపీ చేయడం మరచిపోయాను” అనే ఫోను రాదు. ఆ సౌకర్యం వల్లనే చాలామంది ఆలోచించకుండా దీనిని ఎంచుకుంటారు, నేనూ కొంతకాలం అలాగే ఎంచుకున్నాను. అయితే కలిపి కట్టేటప్పుడు ఏం జరుగుతుందో తెలిసి ఎంచుకోవాలి.

వేర్వేరు జార్లలో ఒకే పేరున్న ఫైళ్లు ఉంటాయి. జేడీబీసీ డ్రైవర్లనే తీసుకోండి. ప్రతి డ్రైవర్ జార్‌లోనూ “మెటా-ఇన్ఫ్/సర్వీసెస్” ఫోల్డర్‌లో “జావా.ఎస్‌క్యూఎల్.డ్రైవర్” అనే ఫైలు ఉంటుంది, తన క్లాసు పేరును అందులో రాసుకుంటుంది. మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ రెండూ వాడే ప్రోగ్రామును ఏ సెట్టింగూ లేకుండా కలిపి కడితే ఆ రెండు ఫైళ్లలో ఒకటి మిగిలి ఇంకొకటి పోవచ్చు. పోయిన దాని క్లాసులన్నీ జార్‌లో భద్రంగా ఉన్నా, డ్రైవర్ లేదనే ఎర్రర్ వస్తుంది. షేడ్ ప్లగిన్‌లో “సర్వీసెస్‌రిసోర్స్‌ట్రాన్స్‌ఫార్మర్” చేర్చితే రెంటినీ కలిపి రాస్తుంది. ఫ్యాట్ జార్ కట్టే ప్రతివారూ దీనిని మొదటి రోజే పెట్టుకోవాలి. ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ బౌన్సీ క్యాజిల్ వంటి, డిజిటల్ సంతకం చేసిన జార్లు కలిసినప్పుడు “ఇన్‌వాలిడ్ సిగ్నేచర్ ఫైల్ డైజెస్ట్” అనే ఎర్రర్ రావడం కూడా ఇటువంటిదే: సంతకం పాత జార్‌ది, ఫైళ్లు కొత్త జార్‌వి. ఎస్ఎఫ్, ఆర్ఎస్ఏ, డీఎస్ఏ పొడిగింపులున్న ఫైళ్లను వదిలేయమని ప్లగిన్‌కు చెబితే అది పోతుంది.

ఇంకొక లోపం భద్రతకు సంబంధించినది. 2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌జేలో లాగ్‌ఫోర్‌షెల్ అనే తీవ్రమైన లోపం బయటపడినప్పుడు, “లిబ్” ఫోల్డర్ ఉన్నవారు అందులో లాగ్‌ఫోర్‌జే కోర్ జార్ ఏ వెర్షనో పేరు చూసి తెలుసుకుని, దిద్దిన వెర్షన్‌ను దాని స్థానంలో పెట్టగలిగారు. ఫ్యాట్ జార్లున్నవారు ప్రతి జార్‌నూ తెరిచి లోపల వెతికి, మళ్లీ కట్టి, మళ్లీ పంచవలసి వచ్చింది. ఎక్కువ కాలం ఒకచోట నడవవలసిన ప్రోగ్రాముకు “లిబ్” ఫోల్డరే మేలని నేను అనడానికి ఇదే ప్రధాన కారణం. జావా సర్వర్ ప్రోగ్రాములకు వాడే స్ప్రింగ్ బూట్ కట్టే జార్ వీటికి భిన్నం. అది లైబ్రరీలను విప్పకుండా జార్లుగానే లోపల దాచి, తన సొంత లోడర్‌తో చదువుతుంది, కనుక పైన చెప్పిన ఫైళ్ల గొడవ దానికి రాదు. స్ప్రింగ్ బూట్ వాడుతున్నవారు అది ఇచ్చిన పద్ధతిలోనే సాగిపోవచ్చు.

మేవెన్, గ్రేడిల్, జేబ్యాంగ్‌లతో నేరుగా నడపడం

“ఎమ్‌వీఎన్ ఎగ్జెక్:జావా”, “గ్రేడిల్ రన్” అనేవి రాసేవారి కోసం ఉన్నవి. మార్చడం, నడపడం, మళ్లీ మార్చడం అనే వరుసలో వీటికి మించినవి లేవు. వాడేవారి కంప్యూటర్‌లో మాత్రం వీటిని పెట్టకండి. మొదటిసారి జార్లను మేవెన్ సెంట్రల్ అనే ఇంటర్నెట్ భాండాగారం నుంచి దింపుకోవడానికి ఇంటర్నెట్ కావాలి. పైగా “ఎగ్జెక్:జావా” మన ప్రోగ్రామును మేవెన్ నడుస్తున్న జావాలోనే నడుపుతుంది కాబట్టి, కోడ్‌లో “సిస్టమ్.ఎగ్జిట్” ఉంటే మేవెన్ కూడా దానితో పాటే ఆగిపోతుంది. విశాఖలో ఉన్నవారికి ఇంటర్నెట్ సంగతి వేరే చెప్పనక్కరలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్లాక కరెంటు, ఫోను లేక ఊరు రోజుల తరబడి ఎలా గడిపిందో చూసినవాళ్లం. జనరేటర్ మీద కంప్యూటర్ వెలిగినా, నెట్ లేక జార్లు దింపుకోలేని ప్రోగ్రాము అటువంటి రోజున పనికిరాదు. ఒకసారి దింపుకున్న జార్లు హోమ్ ఫోల్డర్‌లోని “.ఎమ్2” కింద నిలవ ఉంటాయి, “-ఓ” ఐచ్ఛికంతో మేవెన్ నెట్ జోలికి పోకుండా నడుస్తుంది, ముందే అవన్నీ దింపుకుని ఉంటేనే ఆ సాయం అందుతుంది.

ఒకే ఫైలుతో ముగిసే చిన్న పనులకు జేబ్యాంగ్ ముచ్చటైనది. ఫైలు పైన రెండు స్లాషుల తర్వాత “డెప్స్” అని రాసి లైబ్రరీ పేరు, వెర్షన్ ఇస్తే అదే దింపుకుని, కంపైల్ చేసి నడుపుతుంది. అదనంగా ఏదీ ఇన్‌స్టాల్ చేయలేని చోట, 2018లో వచ్చిన జావా 11 నుంచి “జావా -సీపీ "లిబ్/*" మెయిన్.జావా” అని కంపైల్ చేయకుండానే ఒక ఫైలును నడపవచ్చు, 2024లో వచ్చిన జావా 22 నుంచి అది పక్కనున్న మరిన్ని జావా ఫైళ్లను కూడా కలుపుకుంటుంది. ఆంధ్రా యూనివర్సిటీ విద్యార్థి ఎవరైనా ల్యాబ్ పనికి ఏది వాడాలని అడిగితే, ముందు -సీపీతో చేతితోనే నాలుగు రోజులు నడిపి, ఆ తర్వాతే జేబ్యాంగ్ ముట్టుకోమంటాను. ఎర్రర్ వచ్చినప్పుడు లోపల ఏం జరుగుతోందో ఊహించగలగడం ఆ నాలుగు రోజుల్లోనే వస్తుంది.

జావా 9 తెచ్చిన మాడ్యూల్ పాత్ (క్లాస్‌పాత్‌కు బదులు మాడ్యూళ్లను వెతికే వరుస) గురించి: మీ ప్రోగ్రాములో “మాడ్యూల్-ఇన్ఫో” ఫైలు లేకపోతే, ఇప్పటికి దానిని పక్కన పెట్టవచ్చు. క్లాస్‌పాత్ యథావిధిగా పనిచేస్తుంది.

కాబట్టి నేర్చుకుంటున్నవారికి -సీపీ. రాస్తున్న ప్రాజెక్టుకు మేవెన్ లేదా గ్రేడిల్. ఇంకొకరి ఆఫీసులో, షెడ్యూలర్‌లో, ఏళ్ల తరబడి నడవవలసిన దానికి పక్కన “లిబ్” ఫోల్డర్ ఉన్న మేనిఫెస్టు జార్. ఒక్కసారి నడిపి పక్కన పడేసే సాధనానికో, ఫోల్డర్ కాపీ చేయడం కూడా రానివారి చేతికో ఇచ్చేదానికి, సర్వీస్ ఫైళ్లు కలిపి కట్టిన ఫ్యాట్ జార్. ఆటోనగర్ ఆఫీసుకు చివరికి నేను పెట్టింది మేనిఫెస్టు జారే. డ్రైవర్ వెర్షన్ మార్చవలసి వచ్చినప్పుడు కొత్త జార్‌ను మెయిల్‌లో పంపాను. మేనిఫెస్టులో రాసి ఉన్న పేరుతోనే దానిని పాతదాని స్థానంలో పెట్టమంటే గుమస్తాయే పెట్టేశాడు.

ఏది ఎంచుకున్నా, అప్పగించే ముందు ఒక పరీక్ష చేయండి. నెట్ ఆపేసి, “.ఎమ్2” ఫోల్డర్ లేని వేరే యూజర్‌తో లాగిన్ అయి, ప్రోగ్రాము లేని ఇంకేదైనా ఫోల్డర్‌లోకి వెళ్లి, అక్కడి నుంచి పూర్తి దారితో నడపండి. “నోసచ్‌మెథడ్‌ఎర్రర్” (పిలిచిన మెథడ్ ఆ క్లాసులో లేదు) వస్తే జార్ లేక కాదు, ఒకే లైబ్రరీ రెండు వెర్షన్లలో ఉండి పాతది ముందు దొరికిందని అనుమానించాలి. “-వెర్బోస్:క్లాస్” చేర్చి నడిపితే ఏ క్లాసు ఏ జార్ నుంచి వచ్చిందో వరుసగా చూపిస్తుంది. “అన్‌సపోర్టెడ్‌క్లాస్‌వెర్షన్‌ఎర్రర్” వస్తే క్లాస్‌పాత్‌తో పనే లేదు. అందులో కనబడే అంకెలలో 52 అంటే జావా 8, 61 అంటే జావా 17, 65 అంటే జావా 21. అక్కడున్న జావా మీ జావా కంటే పాతదన్నమాట. దానిని కొత్తది చేయించలేకపోతే, జావాసీకి “--రిలీజ్ 8” అని ఇచ్చి మళ్లీ కంపైల్ చేసి, వాడిన లైబ్రరీలు కూడా జావా 8 మీద నడిచే వెర్షన్లేనా అని ఒక్కొక్కటిగా చూసుకోవాలి.